రేకు మీద ఆండ్రూ

ఆ శుక్రవారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. వసారాలో నులకమంచం మీద కూర్చుని కాలి కట్టు విప్పుకుంటున్న హెబ్రోను. వంటింట్లో అతని భార్య ఏసుమణి. హాల్లో నిచ్చెన మీద వాళ్ళ రెండో కొడుకు రాజ్ కుమార్, కింద నిచ్చెన పట్టుకుని అతని భార్య రోజా. రాలుతున్న గోడ పొడి ఊడవడానికి చీపురుతో నిలబడ్డ ఆఖరి పిల్ల అబిగయీలు. పెరట్లో పళ్ళు తోముకుంటున్న హెబ్రోను అక్క ఎస్తేరమ్మ. సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక ఉందని ఆమె ముందు రోజే కావలి నుంచి వచ్చింది. ఏసుమణి లెక్కలో మాత్రం ఇంకొకరు ఉన్నారు. ఎసట్లో బియ్యం పోసేటప్పుడు ఆమె పెద్దకొడుకు ఆండ్రూకి కూడా కలిపి పోసింది. రెండేళ్ళుగా అలాగే పోస్తోంది.

ఆండ్రూ కబడ్డీ ఆటగాడు. రెండేళ్ళ కిందటి వానల్లో వెంకటాచలంలో పోటీ ఆడి, మోటార్ సైకిల్ మీద ఇంటికి వస్తూ కాలవ చప్టా మీద కొట్టుకుపోయాడు. బండి సర్కారు తుమ్మల్లో చిక్కుకుని దొరికింది. మనిషి దొరకలేదు. పడవల మీద కాలవ సముద్రంలో కలిసే మొగ దాకా వెతికారు. నీళ్ళు తీశాక రొయ్యల గుంటల గట్లన్నీ వెతికారు. అన్నీ అయ్యాక పాస్టరుగారు ఇంటికొచ్చి, జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుందామా అని నెమ్మదిగా అడిగారు. "వాడికి ఈత రాకపోతే గదయ్యా," అంది ఏసుమణి. ఆ తర్వాత ఆమె స్త్రీల కూడికకు పోవడం మానేసింది.

వాళ్ళుండే పాలెంలో గోడ మీద ఫోటో అంటే పోయినవాళ్ళదే. బతికున్నవాళ్ళ ఫోటోలు బీరువాలో, ఆల్బంలో, ఫోన్లో ఉంటాయి. ఒక మనిషి ఫోటో గోడకెక్కిందంటే కింద పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ రాసి ఉంటాయి. ఇది ఎవరూ ఎవరికీ నేర్పే సంగతి కాదు. అక్కడ పుట్టినవాళ్ళందరికీ తెలుసు. అందుకే ఇల్లు కొత్తగా కట్టుకున్నాక తాత ఫోటో, అవ్వ ఫోటో కూడా ఏసుమణి మళ్ళీ గోడకు తగిలించనివ్వలేదు. వాళ్ళ పక్కన ఖాళీ చూసి ఎవరికైనా ఏదైనా తోస్తుందని ఆమె భయం. పెళ్ళయి వచ్చిన కొత్తలో రోజా తమ పెళ్ళి ఫోటో పెట్టుకుంటామంటే, "కొత్త గోడలు, పాడవతాయమ్మా" అని మాట తప్పించింది. ఆ ఫోటో ఇప్పటికీ బీరువాలో చీరల కింద ఉంది. రోజా నెల్లూరు టౌన్లో పుట్టిన పిల్ల. వాళ్ళ ఇంట్లో గోడల నిండా బతికున్నవాళ్ళే నవ్వుతూ ఉంటారు. గోడ పాడవుతుందన్న మాట ఆమె నమ్మలేదు. తన ఫోటో అత్తకు నచ్చలేదనే అనుకుంది.

రాజ్ కుమార్ డ్రిల్లింగు మిషను ఆన్ చేయగానే ఇల్లంతా అదిరింది.

"ఏందబ్బయా ఆ మోత! ఉండే నాలుగు పళ్ళూ ఊడేటట్టుండాయి!" అని పెరట్లోంచి ఎస్తేరమ్మ అరిచింది.

"గోడకి బొమ్మలు పెడతుండామత్తా!"

"ఇల్లు కట్టింది మొన్న గదరా. అప్పుడే బొక్కలా?"

"బొమ్మలు చూసినాక మాట్లాడు పెద్దత్తా," అంది రోజా నవ్వుతూ. "నువ్వే కావలికి ఒకటి పట్టుకపోతావు."

అవి రేకు బొమ్మలు. రోజా పిన్ని కొడుకు జడ్సన్‌కి నెల్లూరులో ఫోటోలు అచ్చువేసే షాపు ఉంది. కాగితం మీద కాకుండా పలచటి అల్యూమినియం రేకు మీద అచ్చు వేసే మిషను కొత్తగా పెట్టాడు. ఒక హోటలు వాళ్ళకని పాత కాలపు తెల్లదొరల ఆటల బొమ్మలు వేస్తూ, చెల్లెలి కోసం కూడా ఒక సెట్టు వేసి పంపించాడు. పందెం గుర్రాలు, వేటకుక్కలు, గాలం వేసే దొర, పొడుగాటి పడవ తోసేవాళ్ళు, కాళ్ళ దాకా గౌన్లు వేసుకుని బంతి ఆడే ఆడవాళ్ళు. కిటికీ వెలుతురు పడగానే గుర్రాల వీపులు ఇప్పుడే కడిగినట్టు మెరిశాయి.

ఈ బొమ్మలకైనా ఏసుమణి ఊరికే ఒప్పుకోలేదు. పది రోజుల కిందట రాజ్ కుమార్ వంటింట్లో తల్లి పక్కన గొంతుక్కూర్చుని బతిమాలాడు. అబిగయీలు అక్కడే చింతపండు పిసుకుతూ విన్నది.

"గుర్రాలూ కుక్కలేనమ్మా. రోజా సరదా పడతాంది. ఇంట్లోకొచ్చినప్పట్నుంచి ఏమడిగినా వద్దనే అంటుండాము."

"గుర్రాలైతే పెట్టుకోండి," అంది చివరికి ఏసుమణి. "మన మనుషులు మాత్రం గోడ మీదకి రాకూడదు. ఎవురూ. చెప్పు ఆ పిల్లకి."

రాజ్ కుమార్ హాల్లోకి పోయి, "అమ్మ సరేనంది" అన్నాడు. రెండో మాట చెప్పలేదు. చెబితే ఎందుకని రోజా అడుగుతుంది. అడిగితే ఆండ్రూ పేరు వస్తుంది. ఆ ఇంట్లో ఆండ్రూ పేరు వస్తే, బతికున్నాడనాలో లేడనాలో తెలియక అందరూ లేచి తలా ఒక పనికి పోతారు. ఆ ఇబ్బంది ఎందుకనుకున్నాడు.

ఏసుమణి టీ గ్లాసులు తీసుకుని హాల్లోకి వచ్చి, గుర్రాల ముందు ఆగింది.

"ఇదేందమ్మే, నాలుగు కాళ్ళూ గాల్లోనే ఉండాయి? ఏ గుర్రమన్నా అట్టా ఎగరతాదా?"

"ఆ కాలంలో ఫోటోలు లేవు గదత్తా. పరిగెత్తేటప్పుడు కళ్ళకి అట్టా కనబడిందంట. అట్టాగే గీసినారంట," అంది రోజా. జడ్సన్ చెప్పిన మాట అది.

"బాగుంది సంబడం. ఈ కుక్క చెవులు చూడు, తోటకూరాకుల మాదిరి. మన వాకిట్లో పడుకునేదే నయం దీనికంటే." ఆమె గాలం దొర దగ్గరికి నడిచింది. "ఈ దొర పొద్దస్తమానం నీళ్ళల్లో నిలబడి పట్టింది ఈ ఒక్క చేపేనా?"

"ఒక్కటేనత్తా."

"ఆ చేపకి మళ్ళీ టోపీ పెట్టుకుని, కోటేసుకుని! మన పిల్లోళ్ళు తువ్వాలుతో బుట్టెడు పడతారు గదే."

ఏసుమణి నవ్వింది. పైకి వినపడేటట్టు, భుజాలు కదిలేటట్టు నవ్వింది. రాజ్ కుమార్ నిచ్చెన మీద అలాగే ఆగిపోయాడు. వసారాలోంచి హెబ్రోను మెడ చాచి చూశాడు. అమ్మ నవ్వు ఎలా ఉంటుందో అబిగయీలు దాదాపు మరిచిపోయింది. ముందు పన్ను ఒకటి కొంచెం పక్కకు ఉంటుందని ఇప్పుడే గుర్తొచ్చింది.

సరిగ్గా అప్పుడే ఎస్తేరమ్మ ముఖం తుడుచుకుంటూ లోపలికి వచ్చి, బొమ్మలన్నిటినీ ఒక చుట్టు చూసింది.

"ఈళ్ళంతా ఎప్పటి మనుషులో. అందరూ మట్టిలో కలిసిపోయినోళ్ళే గదా. ఎవురి తల్లులు ఎంత ఏడ్చినారో పాపం."

"అక్కా!" అన్నాడు హెబ్రోను.

ఏసుమణి నవ్వు ఆగిపోయింది. ఖాళీ గ్లాసులు ఏరుకుని, "చర్చి కాడ నీళ్ళు వదిలే టైమయింది, తాగే నీళ్ళు లేవు" అంటూ బిందె తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆమె గేటు దాటకముందే రాజ్ కుమార్‌కి ఫోను వచ్చింది. గుంటలో నీళ్ళు తిప్పే మోటారు ఆగిపోయిందట. ఎండెక్కితే రొయ్యలు తేలిపోతాయి. అతను నిచ్చెన దిగి చేతులు దులుపుకున్నాడు.

"మధ్యలో ఇంకో రెండు రంధ్రాలు పెట్టమన్నావు, పెట్టి మేకులు కూడా దించినా. ఆడ ఏం పెడతావు?"

"వచ్చినాక చూద్దువులే, పో," అంది రోజా.

అతను వెళ్ళాక రోజా గదిలోకి పోయి, మంచం కింద నుంచి ఇంకొక అట్టపెట్టె తీసుకొచ్చింది. అందులో ఏముందో అబిగయీలుకి తెలుసు.

పోయిన ఆదివారం చర్చి నుంచి నడిచి వస్తున్నప్పుడు రోజా ఆమె చెయ్యి పట్టుకుని అడిగింది. "అబీ, ఆండ్రూ బావగారు ఆడతా ఉండే ఫోటో నీ దగ్గిర ఉందంట గదా. మీ అన్న ఒకసారి అన్నాడు."

"ఎందుకొదినా?"

"ఎవురి గుర్రాలో ఎవురి కుక్కలో పెట్టుకుంటుండాం. మన ఇంట్లో ఆటగాడుంటే ఆయన బొమ్మ లేకుండా ఏంది గోడ? అత్త రోజూ ఆయనకి కంచం పెడతాది. కంచం ముందు మనిషి ముఖమన్నా ఉండద్దా? ఎవురికీ చెప్పబాక. అత్త ఎంత సంతోషపడతాదో చూడు."

అబిగయీలు నోరు తెరిచింది. ఆమె బడిలో కూడా పది మందిలో నోరెత్తని పిల్ల. పంతులుగారు పేరు పిలిస్తే చెయ్యెత్తుతుంది గానీ పలకదు. కానీ అప్పుడు దారిలో పది మంది లేరు. వదిన ఒక్కతే ఉంది. గోడ మీద మనవాళ్ళ ఫోటో పెట్టరొదినా, అన్న ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక మీదకు వచ్చింది. ఆమె దాన్ని మింగి, ఫోన్లోంచి ఫోటో పంపించింది.

ఆ ఫోటో తీసింది అబిగయీలే. ఎండాకాలం సెలవుల్లో పాలెం గ్రౌండులో పోటీ జరిగినప్పుడు గీత పక్కన కూర్చుని తీసింది. పసుపు బనీను, మోకాళ్ళ దాకా దుమ్ము, ఎదుటివాళ్ళ మీదకు చాచిన కుడి చెయ్యి. కూతకు సగం తెరిచిన నోరు. ఆండ్రూ ఫోను అతనితోపాటే పోయింది. ఆ ఆట తాలూకు ఫోటో ఇంకెవరి దగ్గరా లేదు.

రోజా పెట్టె విప్పి, చుట్టిన ప్లాస్టిక్ కవరు తీసింది. జడ్సన్ దాన్ని మిగతా వాటికి జోడీగా ఉండాలని కంప్యూటర్లో పాత రంగుల బొమ్మలా మార్చాడు. వెనక ఉన్న కొబ్బరి చెట్లు, జనం, షామియానా మసకబారిపోయాయి. ఆండ్రూ ఒక్కడే గోధుమరంగు వెలుతురులో నిలబడ్డాడు. నూరేళ్ళ కిందట ఎవరో గీసిన మనిషిలా ఉన్నాడు. ఆ గుర్రాల కాలంవాడిలా, ఆ దొరలకు తెలిసినవాడిలా ఉన్నాడు.

"బాగుంది గదా?" అంది రోజా. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "నేను ఆయన్ని చూడనన్నా లేదు అబీ. ఇప్పుడు చూసినట్టే ఉండాది."

ఆమె స్టూలు ఎక్కింది. రేకు వెనక ఉన్న కొక్కేలను మేకులకు తగిలించి, తల వెనక్కి వంచి చూసింది. "వంకరగా ఉందా? చూసి చెప్పు."

ఇదే ఆఖరి అదును. వదినా దించు, అమ్మ వచ్చేస్తుంది అనొచ్చు. ఆ మాటలు ఎంత చిన్నవో అబిగయీలుకి తెలుసు.

"ఎడం పక్క కొంచెం పైకి," అంది.

రోజా సర్ది దిగింది.

ముందు చూసింది హెబ్రోను. కుంటుకుంటూ లోపలికి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. తర్వాత భుజం మీద తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇట్టాగే వంగేవోడు," అన్నాడు తువ్వాలులోంచి. "ఇట్టాగే, కుడిచెయ్యి ముందు పెట్టి."

"బాగుంది గదా మామా?"

హెబ్రోను గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. అతని భుజాలు కదలడం చూసి రోజా ముఖంలో నవ్వు సగంలో ఆగింది. ఆమె అబిగయీలు వైపు చూసింది. అబిగయీలు చీపురు వైపు చూసింది.

ఎస్తేరమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆమె ఏమీ అడగలేదు. ఆ పాలెంలో పుట్టి పెరిగిన మనిషికి అడగాల్సింది ఏమీ లేదు. రెండు చేతులూ ఎత్తి గుండెల మీద కొట్టుకుంది.

"గోడ మీదకి వచ్చినావా నా నాయనా! కాలవ మింగిన నా బిడ్డా! పెళ్ళి బట్టలు కట్టించుకోకుండా పోతివా ఆండ్రయ్యా! నీ తల్లి వాకిట్లో కూచోనుంటే నువ్వు గోడకెక్కి కూచుంటివా!"

"పెద్దత్తా, ఏందిది? ఊరుకో!" రోజా ఆమె చేతులు పట్టుకోబోయింది. "నేను ఊరికే, అలంకారానికి పెట్టినా!"

"అలంకారమా?" ఎస్తేరమ్మ ఒక్క క్షణం ఆగి ఆమె ముఖంలోకి చూసింది. "ఏ తల్లి కన్న పిల్లవమ్మా నువ్వు! నీకెవురూ చెప్పలేదా?" మళ్ళీ అందుకుంది. రెండేళ్ళుగా అణచిపెట్టిన ఏడుపు అది. ఇంక ఆగేది కాదు.

ఆ ఏడుపు పాలెంలో అందరికీ తెలిసిన ఏడుపు. పక్కింటి తలుపు తెరుచుకుంది, ఎదురింటి గేటు చప్పుడైంది. ఆడవాళ్ళు కొంగులు తలమీదకు లాక్కుంటూ వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే గోడ వంక చూసి, చెప్పులు గుమ్మం బయట విడిచి, నేల మీద కూర్చున్నారు. ఎవరో ఒక కొవ్వొత్తి తెచ్చి బొమ్మ కింద వెలిగించారు. ఎవరో టీవీకి గుడ్డ కప్పారు. "ఎప్పుడు తెలిసింది? ఎవురు కబురు చెప్పినారు?" అని ఒకామె రోజాను అడిగింది. రోజా గోడకు అతుక్కుపోయింది. చూస్తుండగానే అది చావు ఇల్లు అయిపోయింది.

చర్చి కొళాయి దగ్గరికి ఆ మాట ఏసుమణి కంటే వేగంగా చేరింది. "ఏసుమణక్కా, ఆండ్రూ కబురు వచ్చిందంట, మీ ఇంటి నిండా జనం" అని ఎవరో అన్నారు. ఆమె బిందె అక్కడే వదిలేసి పరిగెత్తింది. చెప్పులు లేకుండా, కొంగు జారిపోతున్నా చూసుకోకుండా పరిగెత్తింది. గేటు దగ్గర నుంచే గొంతు వినిపించింది.

"యాడ? యాడుండాడు నా బిడ్డ? ఎట్టా వచ్చినాడు?"

ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. ఆ ముఖాన్ని చూడలేక అక్కడ కూర్చున్న ఆడవాళ్ళందరూ తలలు దించుకున్నారు. ఏసుమణి అందరి ముఖాలూ వెతికింది. మంచం వైపు చూసింది, గది వైపు చూసింది, చివరికి అందరూ ఎటు తిరిగి కూర్చున్నారో అటు చూసింది.

ఎస్తేరమ్మ ఏడుపు కూడా ఆగింది.

"ఎవురు పోయినారని కూర్చున్నారు మీరంతా?" అంది ఏసుమణి. గొంతు చాలా మామూలుగా ఉంది. "లేవండి. మీ ఇళ్ళల్లో పన్లు లేవా? లేవండి!"

ఎవరూ కదల్లేదు. ముసలామె ఒకతి అంది, "ఏడువమ్మా. రెండేళ్ళు దాచిపెట్టుకున్నావు. ఏడిస్తే తేలికవుతాది."

ఏసుమణి గోడ దగ్గరికి పోయి రేకు అంచులు పట్టుకుని లాగింది. అది రాలేదు. కొక్కేలను పైకెత్తి దించాలని ఆమెకు తెలియదు. మళ్ళీ లాగింది. గోళ్ళతో ఆ బొమ్మను గీరింది. కాగితమైతే చినిగేది, అద్దమైతే పగిలేది. ఆ రేకు మీద గీత కూడా పడలేదు. ఆమె వేళ్ళ కింద ఆండ్రూ నున్నగా మెరుస్తూ చెయ్యి చాచి అలాగే నిలబడ్డాడు.

"ఉండనీ ఏసుమణీ," అన్నాడు హెబ్రోను కింద నుంచి.

ఆమె తిరిగి చూసింది.

"ఉండనీ. నా వల్ల కాదింక. పొద్దున్నే లేచి వాకిలి చూడ్డం, ఫోను మోగితే ఉలిక్కిపడ్డం నా వల్ల కాదు. ఆ చప్టా కాడ నేను నీళ్ళు చూసినా. ఆ నీళ్ళల్లో ఏనుగైనా ఆగదు. నాకు ఆ రోజే తెలుసు."

"తెలిసి నాతో మెడ్రాసు దాకా ఎందుకొచ్చినావు? స్టేషన్లో ఎవురో చూసినారంటే ఆ మూలా ఈ మూలా నాతో ఎందుకు తిరిగినావు?"

"నువ్వు పోతుండావని వచ్చినా," అన్నాడు హెబ్రోను. తువ్వాలుతో ముఖం పూర్తిగా కప్పుకున్నాడు.

అప్పటికి రాజ్ కుమార్ గుంట దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చాడు. కాళ్ళ నిండా బురద. గోడ చూశాడు, భార్యను చూశాడు. "ఏం జేసినావే నువ్వు!" అని చెయ్యెత్తాడు. ఏసుమణి ఆ చెయ్యి పట్టుకుంది.

"దానికి చెప్పమన్న మాట చెప్పినావా నువ్వు?"

రాజ్ కుమార్ తల దించుకున్నాడు.

రోజా వచ్చి అత్త కాళ్ళ మీద పడింది. ఏడుపులో మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. "నాకు తెలీదత్తా. దేవుడి తోడు నాకు తెలీదు. నువ్వు సంతోషపడతావనే పెట్టినా. మా ఇంట్లో అందరివీ పెడతాం. నీకు నేనంటే ఇష్టం లేకే మా పెళ్ళి ఫోటో వద్దన్నావనుకున్నా."

ఏసుమణి వంగి ఆమెను లేపింది. చెదిరిన జుట్టు చెవి వెనక్కి తోసింది. "నీ పెళ్ళి ఫోటోకి ఏమమ్మా, రత్నాల మాదిరి ఉండారు ఇద్దరూ. మీకు దిష్టి తగలకూడదని లోపల పెట్టినా. నీ తప్పు లేదు. ఎవురూ చెప్పందే నీకెట్టా తెలస్తాది?" అంది. రోజా ఆమె భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. పెళ్ళయి వచ్చాక అత్త ఆమెను అలా దగ్గరికి తీసుకోవడం అదే మొదలు. రోజా తల మీదుగా ఏసుమణి కళ్ళు మాత్రం ఎవరినో వెతికాయి.

అబిగయీలు ఇంకా చీపురు పట్టుకునే ఉంది.

"ఆ ఫోటో పాపది," అంది ఏసుమణి.

"నేనే అడిగినానత్తా," అంది రోజా గబగబా. "అబీ చిన్నపిల్ల. ఎందుకో కూడా చెప్పలా నేను."

"చెప్పినావులే అమ్మా. చెప్పకుండా అడిగే పిల్లవి కావు నువ్వు."

ఏసుమణి రోజాను రాజ్ కుమార్ చేతికి అప్పగించి, ఆడవాళ్ళ మధ్య నుంచి నడిచి చివరి గదికి వెళ్ళింది. అది ఆండ్రూ కోసమని కొత్తింట్లో అట్టిపెట్టిన గది. అబిగయీలు చీపురు గోడకు ఆనించి వెనకే వెళ్ళింది. గుమ్మం దగ్గర తల్లి తిరిగి నిలబడింది. లోపలికి రానివ్వలేదు.

"నీకు తెలుసు," అంది ఏసుమణి.

అబిగయీలు తలూపింది.

"మీ వదినకి తెలీదు. నీకు తెలుసు. వంటింట్లో నేను మీ అన్నతో చెప్పినప్పుడు పక్కనే ఉన్నావు."

"ఉన్నానమ్మా."

"మరెందుకిచ్చినావు పాపా?"

తిడితే బాగుండేది. ఒక దెబ్బ వేసినా బాగుండేది. అమ్మ నిజంగానే అడుగుతోంది. ఒక్కసారి అబద్ధం చెబుదామనుకుంది అబిగయీలు. తోచలేదమ్మా అనొచ్చు, మరిచిపోయానమ్మా అనొచ్చు. నోరెత్తని పిల్ల కాబట్టి అందరూ నమ్ముతారు. కానీ ఇన్ని రోజులు నోరు మూసుకున్నందుకే ఇంతా జరిగింది.

"ఏడవాలనిపించిందమ్మా," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఈ ఇంట్లో ఎవురూ ఏడవరు. అన్న పేరు తీస్తే లేచిపోతారు. గోడ మీద పెడితే అందరం ఒక్కసారి ఏడస్తామనుకున్నా. నువ్వు కూడా. నన్ను దగ్గరికి తీసుకుని."

హాల్లో ఎస్తేరమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. ఆడవాళ్ళు గొంతు కలిపారు. వాళ్ళ మధ్య నుంచి హెబ్రోను ఏడుపు కూడా వినిపిస్తోంది. మగవాడి ఏడుపు అలా ఉంటుందని అబిగయీలుకి తెలియదు. ఏసుమణి ఆ చప్పుడు కాసేపు విన్నది. ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. ముఖం మీద అలసట తప్ప ఏమీ లేదు. ఆ ముఖం చూస్తూ ఉండగా అబిగయీలుకి ఒక సంగతి అర్థమైంది. ఆండ్రూ వస్తాడని అమ్మ కూడా ఎప్పుడో నమ్మడం మానేసి ఉంటుంది. కానీ ఇంట్లో తక్కినవాళ్ళు నమ్ముతున్నారనుకుంది. వాళ్ళ కోసం లేచి, వాళ్ళ కోసం ఎసరు పెట్టి, వాళ్ళ ముందు కన్నీళ్ళు రాకుండా చూసుకుని, ఆ ఇంటిని ఇన్నాళ్ళు నిలబెట్టింది. వాళ్ళేమో అమ్మ కోసమని నమ్మినట్టు నటించారు. ఒకరి కోసం ఒకరు పట్టుకున్న ఆ ఒక్క దారాన్ని తను తెంపేసింది. ఇప్పుడు అమ్మకు రేపు పొద్దున లేవడానికి కారణం లేదు.

"అమ్మా," అంది అబిగయీలు, చెయ్యి చాచి. "నేను దించేస్తానమ్మా. ఇప్పుడే దించేస్తా. అందర్నీ పొమ్మంటా."

"దించితే ఏమవుతాది? అందరూ చూసినారు."

"అమ్మా, నన్ను లోపలికి రానీ."

ఏసుమణి కూతురి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి నిండా గోడ పొడి ఉంది. తన కొంగుతో ఆ వేళ్ళు ఒక్కొక్కటే తుడిచింది. చిన్నప్పుడు బడికి పంపే ముందు తుడిచినట్టే తుడిచింది. అబిగయీలు కళ్ళు మూసుకుని ఒక అడుగు ముందుకు వేసింది. తల్లి ఆ చేతిని నెమ్మదిగా గడప బయటికి జరిపి వదిలేసింది.

"నీకు కావలసినంత మంది ఉండారు ఆడ. పోయి వాళ్ళతో ఏడువు పాపా," అంది ఏసుమణి. "నాతో కాదు."

తలుపు వేసింది.